పదకొండేళ్ల కారుకు టోటల్ లాస్: ఒక బీమా క్లెయిమ్ సేవపై విజయవాడ పాలసీదారు సమీక్ష

2024 సెప్టెంబరు 1, ఆదివారం తెల్లవారేసరికి బుడమేరు నీరు పాయకాపురంలోని మా వీధిలోకి వచ్చింది. సామాను మేడ మీదికి చేరవేయడంలో పడి కారును మర్చిపోయాం. గుర్తొచ్చి కిందికి దిగేసరికి పోర్టికోలో ఉన్న వేగనార్ తలుపుల్లో సగం వరకు నీళ్లున్నాయి. మధ్యాహ్నానికి స్టీరింగ్ కూడా కనబడలేదు. ఈ సమీక్ష ఆ వరద గురించి కాదు, ఆ తర్వాత డెబ్బై రెండు రోజులపాటు మా ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ విభాగం నాకు అందించిన సేవ గురించి. కంపెనీ పేరు రాయడం లేదు. పాత కారు ఉన్న ఎవరికైనా ఏ కంపెనీతోనైనా ఎదురుకాగల విషయాలే ఇందులో ఎక్కువ కాబట్టి, పేరు కన్నా లెక్కలు ఉపయోగపడతాయని నా నమ్మకం.

కారు 2013 మోడల్, పెట్రోలు బండి, ఇంజన్ 998 సీసీ. పాలసీ కాంప్రెహెన్సివ్. వరద నష్టం దాని పరిధిలోకి వస్తుంది. మా వీధిలో థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే కట్టినవాళ్లు కూడా ఉన్నారు. సొంత బండికి జరిగిన నష్టానికి ఆ పాలసీ కింద ఒక్క రూపాయి కూడా రాదని వాళ్లకు తెలిసింది వరద తర్వాతే. పదేళ్లు దాటిన బండికి ఇక కాంప్రెహెన్సివ్ ఎందుకు అనే మాట మన దగ్గర చాలాచోట్ల వినిపిస్తుంది. ఆ మాట విననందుకు మాత్రం నాకు ఈనాటికీ సంతోషంగా ఉంది.

మొదట మెచ్చుకోవలసింది మెచ్చుకుంటాను. మంగళవారం పడవలో బయటపడి పటమటలోని మా పిన్నిగారింటికి చేరాక, అక్కడి నుంచే కంపెనీ టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేశాను. పాలసీ కాగితాలు నీళ్లలో ఉన్నాయని చెబితే బండి నంబరు, నా ఫోన్ నంబరు తీసుకుని పది నిమిషాల్లో క్లెయిమ్ నమోదు చేశారు. ఆ ఫోన్ ఎత్తిన అమ్మాయి చెప్పిన ఒక మాట విలువైనది: "నీళ్లు తీసిన తర్వాత కూడా బండి స్టార్ట్ చేయకండి సార్, బ్యాటరీ వైరు తీయించి అలాగే ఉంచండి." నీళ్లు చేరిన ఇంజన్‌ను తిప్పితే లోపల కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. దాన్ని వరద నష్టంగా కాక యజమాని నిర్లక్ష్యంగా చూపి, ఇంజన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవరు లేనివాళ్లకు ఇంజన్ ఖర్చు తిరస్కరించే అవకాశం కంపెనీలకు ఉంటుంది. నాకు ఆ కవరు లేదు. ఆ అమ్మాయి మాటతో నా క్లెయిమ్ సగం నిలబడింది.

నీరు పూర్తిగా తీసి వీధిలోకి టోయింగ్ బండి రాగలిగేసరికి సెప్టెంబరు 11 అయింది. కారును ఆటోనగర్‌లోని ఒక వర్క్‌షాపుకు చేర్చాం. ఆ రోజుల్లో ఆటోనగర్ రోడ్లను చూసినవారికి వర్ణించనక్కరలేదు. రోడ్డుకు రెండు పక్కలా ఒండ్రు మట్టి రంగులోకి మారిన కార్లు బారులు తీరి ఉన్నాయి, తలుపులు తెరిస్తే చాలు, మురుగు కాలువ వాసన. టోయింగ్‌కు 2,500 రూపాయలు తీసుకున్నారు. ప్రైవేటు కారును వర్క్‌షాపుకు చేర్చే ఖర్చు కింద పాలసీ ఇచ్చేది గరిష్ఠంగా 1,500.

నష్టం అంచనా వేసే సర్వేయర్ గారు సెప్టెంబరు 16న వచ్చారు. ఆయన పని తీరు గురించి కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే ఈ మొత్తం వ్యవహారంలో నాకు నిజమైన నైపుణ్యం కనబడింది అక్కడే. నీరు ఎంత ఎత్తు వచ్చిందో నన్ను అడగలేదు. డ్రైవర్ సీటు బెల్టును మెల్లగా చివరిదాకా బయటికి లాగారు. బెల్టు పైభాగం ఎప్పటిలా నల్లగా ఉంది, ఒక చోట నుంచి కిందికి మాత్రం మట్టి చార పట్టి గోధుమ రంగులో ఉంది. ఆ గీత దగ్గర టేపు పెట్టి ఫోటో తీసుకున్నారు. తర్వాత డిప్‌స్టిక్ బయటికి తీస్తే, నల్లటి ఆయిల్ ఉండవలసిన చోట పాలు ఎక్కువైన కాఫీ రంగు ద్రవం అంటుకుని వచ్చింది. గ్లవ్ బాక్సు తెరిస్తే గుప్పెడు ఒండ్రు మట్టి జారి పడింది, అందులో మా అమ్మాయి టెన్త్ క్లాసు హాల్ టికెట్ జెరాక్సు కూడా ఉంది. ఆయన అది తీసి, మట్టి దులిపి, నా చేతికిచ్చి, మళ్లీ పనిలో పడ్డారు. వైరింగ్, ఈసీఎం (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్), స్టార్టర్, ఆల్టర్నేటర్, సీట్లు, గేర్ బాక్సు, ఒక్కొక్కటీ చూసి రాసుకున్నారు.

వర్క్‌షాపు ఇచ్చిన ఎస్టిమేట్ 2,38,000 రూపాయలు. అందులో పార్టులకు 1,86,000, లేబరుకు 52,000. మా పాలసీలో రాసి ఉన్న ఐడీవీ, అంటే బండికి ఇద్దరూ ఒప్పుకున్న విలువ, 1,62,000. ఎస్టిమేటే విలువను మించిపోయింది కాబట్టి టోటల్ లాస్, అంటే బండి మొత్తం పోయినట్టే లెక్క అని ఎవరైనా అనుకుంటారు. నిజానికి లెక్క అలా చేయరు, ఇది చాలామందికి తెలియదు. రిపేరు ఖర్చులో ముందు తరుగుదల తీసేస్తారు. రబ్బరు, ప్లాస్టిక్, టైర్లు, బ్యాటరీలకు ఏ వయసు కారుకైనా 50 శాతం తరుగు. లోహపు భాగాలకు బండి వయసును బట్టి పెరుగుతూ వచ్చి, పదేళ్లు దాటాక అది కూడా 50 శాతం అవుతుంది. లేబరుకు తరుగు ఉండదు. ఆ ప్రకారం మా కారు పార్టులకు కంపెనీ లెక్కలోకి వచ్చేది 93,000, లేబరుతో కలిపి 1,45,000. ఐడీవీలో 75 శాతం, అంటే 1,21,500 దాటింది కనుక టోటల్ లాస్. కొన్ని చోట్ల తరుగు తీయకముందు అంకెతోనే పోల్చి చెబుతుంటారని విన్నాను. మా సర్వేయర్ గారు మాత్రం తీసిన తర్వాతి అంకెతోనే పోల్చి, ఆ లెక్కను కాగితం మీద వేసి చూపించారు.

ఇక్కడ ఈ సమీక్షలో అన్నిటికన్నా ముఖ్యమనుకునే విషయం చెప్పాలి. ఆ 1,62,000 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చింది? కొత్త కారుకు అయిదేళ్ల వరకు ఐడీవీకి ఒక పట్టిక ఉంది: ఆరు నెలల్లోపు 5 శాతం, ఏడాదిలోపు 15, రెండేళ్లలోపు 20, మూడేళ్లలోపు 30, నాలుగేళ్లలోపు 40, అయిదేళ్లలోపు 50 శాతం తరుగు. అయిదేళ్లు దాటాక పట్టిక లేదు. కంపెనీ, యజమాని కలిసి ఒప్పుకున్నదే విలువ. ఒప్పందం అనే మాట వినడానికి బాగుంటుంది కానీ, ఆచరణలో అది రెన్యూవల్ సమయంలో ఏజెంటు వాట్సాప్‌లో పంపే ఒక అంకె. 2024 జూన్‌లో నాకు రెండు కొటేషన్లు వచ్చాయి. ఒకటి 1,62,000 ఐడీవీకి, రెండోది 2,10,000 ఐడీవీకి. ప్రీమియంలో తేడా 540 రూపాయలు. తక్కువది ఎంచుకున్నాను. ఏజెంటు నన్ను మోసం చేయలేదు, కానీ ఆ రెండు అంకెల మధ్య తేడా దేనికి పనికొస్తుందో ఒక్క వాక్యం కూడా చెప్పలేదు, నేనూ అడగలేదు. అప్పట్లో అదే మోడల్, అదే ఏడాది బండ్లు విజయవాడ సెకండ్ హ్యాండ్ మార్కెట్లో రెండు లక్షలకు పైనే పలుకుతున్నాయి. క్లెయిమ్ వచ్చాక మార్కెట్ ధర చూపిస్తే సర్వేయర్ గారు మర్యాదగానే చెప్పారు: "మార్కెట్ రేటు మా లెక్కలోకి రాదండీ, పాలసీలో రాసిందే విలువ."

అయితే ఎక్కువ ఐడీవీ పెట్టి ఉంటే నేరుగా 48,000 ఎక్కువ వచ్చేదని కూడా చెప్పలేను. 2,10,000లో 75 శాతం 1,57,500. మా నష్టం లెక్క 1,45,000 దానికి లోపలే ఉంది కాబట్టి, కారు టోటల్ లాస్ కాకుండా రిపేరు కిందికి వచ్చేది, ప్రతి క్లెయిమ్‌లో పాలసీదారే భరించాల్సిన తప్పనిసరి కోత 1,000 పోను కంపెనీ 1,44,000 ఇచ్చి, మిగిలిన 94,000 నా చేతి నుంచి పడేది. నీటిలో మూడు నాలుగు రోజులు మునిగిన పదకొండేళ్ల బండి మీద అంత పెట్టడం నాకు ఇష్టం లేదు. వర్క్‌షాపు మేస్త్రీ కూడా అదే మాటన్నాడు: "వైరింగ్ కిట్టు మొత్తం మార్చినా ఆరు నెలలకి ఏదో ఒక కప్లర్‌లో తుప్పు లేస్తది సార్." పాత కారు ఐడీవీ అంటే వచ్చే డబ్బు ఎంత అని మాత్రమే కాదు, బండి ఏ దశలో టోటల్ లాస్ అవుతుందో నిర్ణయించే గీత కూడా. ఈ విషయం రెన్యూవల్ రోజున ఎవరైనా వివరించగలిగితే అదే నిజమైన సేవ. మా కంపెనీ గాని, ఏజెంటు గాని ఆ పని చేయలేదు. నా దృష్టిలో వీళ్ల సేవలో అతి పెద్ద లోపం ఇదే.

సెప్టెంబరు చివర్లో కంపెనీ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. టోటల్ లాస్ అయితే కాగితాల పని చాలా ఉంటుందని, "క్యాష్ లాస్" కింద 85,000 తీసుకుని బండి మీరే ఉంచుకుంటే వారంలో డబ్బు పడుతుందని చెప్పారు. వరద తర్వాత ఇంట్లో ఫ్రిజ్, మంచాలు, పుస్తకాలు అన్నీ పోయి ఉన్న సమయంలో వారంలో డబ్బు అంటే ఎవరికైనా మనసు లాగుతుంది. ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. టోటల్ లాస్ ఒప్పుకుని, శిథిలాన్ని, అంటే పాడైన ఆ బండిని, నేనే ఉంచుకున్నా, ఐడీవీలోంచి తప్పనిసరి కోత 1,000, శిథిలం విలువగా వాళ్లే చెప్పిన 46,000 తీసేస్తే నాకు 1,15,000 రావాలి, బండి కూడా నా దగ్గరే ఉంటుంది. అదే బండి, అదే నష్టం, ఫోన్‌లో చెప్పిన అంకె మాత్రం 30,000 తక్కువ. మర్నాడు ఈ లెక్కను మెయిల్‌లో రాసి పంపాను. జవాబుగా ఫోన్ రాలేదు. క్యాష్ లాస్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఫోన్‌లో వచ్చిన ఏ ప్రతిపాదననైనా మెయిల్‌లో పెట్టమని అడగడం ఎంత అవసరమో నాకు ఆ రోజు అర్థమైంది.

సర్వే రిపోర్టు అక్టోబరు 5న అందింది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ల ప్రకారం సర్వేయర్‌ను నియమించిన 15 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి, రిపోర్టు చేరిన 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి. మాకు రిపోర్టు ఆలస్యమైంది, నిర్ణయం అక్టోబరు 15న వచ్చింది. ఊళ్లో వేల బండ్లు మునిగిన సమయం అది, కాబట్టి ఈ ఆలస్యాన్ని నేను పెద్ద తప్పుగా పట్టుకోను.

అక్టోబరు 15 నాటి లేఖను మాత్రం తప్పు పట్టవలసిందే. శిథిలాన్ని కంపెనీ ఆన్‌లైన్ వేలంలో ఎక్కువ పాడిన కొనుగోలుదారుకు అప్పగించాలని, అతను నాకు నేరుగా 46,000 ఇస్తాడని, మిగిలిన మొత్తాన్ని కంపెనీ ఖాతాలో వేస్తుందని అందులో ఉంది. అదే లేఖ చివర, డబ్బు విడుదలకు ముందు ఆర్సీ రద్దుకు దరఖాస్తు చేసిన రుజువు ఇవ్వాలనే షరతు ఉంది. ఆ కొనుగోలుదారు అక్టోబరు 21న ఆటోనగర్‌కు వచ్చి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఆర్సీ రద్దవుతుందంటే 38,000కు మించి ఇవ్వనన్నాడు. ఆర్సీ బతికి ఉంటే బండిని మళ్లీ కట్టి అమ్ముకోవచ్చు, రద్దయితే పార్టుల కింద, తుక్కు కింద మాత్రమే పోతుంది, కాబట్టి అతని వైపు నుంచి ఆ మాటలో న్యాయం ఉంది. కంపెనీకి ఫోన్ చేస్తే "అది మీరూ బయ్యరూ మాట్లాడుకోండి" అన్నారు.

వేలం వివరాల కాగితం పంపమని రాతపూర్వకంగా అడిగాను. రెండుసార్లు గుర్తు చేశాక పంపారు. అందులో రెండు వరుసలున్నాయి: ఆర్సీతో 46,000, ఆర్సీ లేకుండా 38,000. అంటే ఆర్సీ రద్దు చేయించమని షరతు పెట్టింది వాళ్లే, కోత వేసేటప్పుడు మాత్రం ఆర్సీ ఉన్నప్పటి ధర వాడుకున్నదీ వాళ్లే. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, గీతలు గీసి, అక్టోబరు 22న కంపెనీ ఫిర్యాదుల అధికారికి మెయిల్ పంపాను. అక్కడ పరిష్కారం కాకపోతే, నెల రోజులు ఆగి, బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విని పరిష్కరించే, హైదరాబాదులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు వెళతానని కూడా అందులో రాశాను. అంబుడ్స్‌మన్ దగ్గర రుసుము లేదు, లాయర్ అక్కరలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఆ కార్యాలయం పరిధిలోకే వస్తాయి. అంతదూరం వెళ్లే అవసరం రాలేదు. అక్టోబరు 30న, దీపావళి ముందు రోజు, శిథిలం కోతను 38,000గా సవరిస్తున్నట్టు జవాబు వచ్చింది. ఫిర్యాదుల అధికారి పని తీరు గౌరవనీయంగా ఉంది. జవాబులో తప్పును తప్పుగా ఒప్పుకున్నారు, ఎవరి మీదికీ నెట్టలేదు.

ఆ తర్వాత ఆలస్యమంతా నా వైపు నుంచి వచ్చింది. కారు లోను 2018లోనే తీరిపోయింది, కానీ ఆర్సీలోంచి బ్యాంకు పేరు తీయించలేదు. లోను తీరినప్పుడు ఇచ్చిన ఎన్‌వోసీ బీరువాలో పెట్టి ఉంచాను, అది వరదలో తడిసి ముద్దయింది, దాని గడువు కూడా ఎప్పుడో దాటిపోయింది. పైగా అప్పు ఇచ్చిన బ్యాంకు ఈలోగా ఇంకో బ్యాంకులో కలిసిపోయింది. పాత ఖాతా నంబరు మీద కొత్త బ్యాంకులో మళ్లీ ఎన్‌వోసీ, ఆర్సీలోంచి బ్యాంకు పేరు తీయించే ఫారం 35 తెచ్చుకోవడానికి నవంబరు 6 దాకా పట్టింది. ఆర్సీలో బ్యాంకు పేరు ఉన్నంతకాలం క్లెయిమ్ డబ్బు మీద మొదటి హక్కు ఆ బ్యాంకుదే కాబట్టి, ఈ విషయంలో కంపెనీ పట్టుబట్టడంలో తప్పు లేదు. ఆర్సీ అసలు కార్డు తడిసి పాడైపోయినా డిజీలాకర్‌లో ఉన్నది సరిపోయింది. అది మాత్రం మంచి వెసులుబాటు.

బండి అప్పగించే రోజున చేసిన పనులు కూడా రాస్తాను, ఎందుకంటే కంపెనీ వీటిలో ఒక్కటీ చెప్పలేదు. కొనుగోలుదారు సంతకం పెట్టమని తెచ్చిన ఫారం 29, 30, అంటే బండిని ఇంకొకరి పేరుకు మార్చే ఫారాలు, ఖాళీగా ఉన్నాయి. ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టనని చెప్పాను. అప్పగింత రసీదులో తేదీ, సమయం, ఛాసిస్ నంబరు, "రిపేరుకు కాదు, తుక్కు నిమిత్తం" అనే మాట రాయించి, అతని ఆధార్ ప్రతి తీసుకుని, ఛాసిస్ నంబరు కనబడేలా బండికి ఫోటో తీశాను. ఫాస్టాగ్ ఖాతా మూయించాను. ఇంకో సంగతి, బండి తిరగడానికి పనికిరాకుండా పోతే యజమాని 14 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ చెబుతుంది. ఇది కంపెనీ బాధ్యత అనుకుని వదిలేసినవాళ్లు మా వీధిలో ఇద్దరున్నారు. వాళ్ల బండ్లు ఎక్కడున్నాయో వాళ్లకు తెలియదు, ఆర్సీలు మాత్రం ఇంకా వాళ్ల పేర్ల మీదే ఉన్నాయి. నాకు ఈ విషయంలో నిజంగా దిగులుగా ఉంది, ఎందుకంటే ఆ బండి రేపు ఎక్కడైనా ఎవరినైనా గుద్దితే మొదట తలుపు తట్టేది వాళ్లదే.

వర్క్‌షాపు వాళ్లు పార్కింగ్ కింద రోజుకు 150 చొప్పున, ఇంజన్ విప్పి చూసిన పనికి 4,000 అడిగారు. బతిమాలి రెండూ కలిపి 6,500కు ఒప్పించాం. పాలసీలో ఇది రాదు. నిర్ణయం చెప్పడంలో కంపెనీ ఎన్ని రోజులు ఆలస్యం చేస్తే అన్ని రోజుల పార్కింగ్ పాలసీదారు మీద పడుతుందన్న సంగతి వాళ్ల పద్ధతిలో ఎక్కడా లెక్కలోకి రాలేదు, రావాలని కంపెనీకి రాశాను.

నవంబరు 14న డబ్బు ఖాతాలో పడింది. 1,62,000లో తప్పనిసరి కోత 1,000, శిథిలం 38,000 తీసి, టోయింగ్ 1,500 కలిపి కంపెనీ 1,24,500 వేసింది. శిథిలం కొన్నతను ఇచ్చిన 38,000తో కలిపి మొత్తం 1,62,500. క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, ఇన్నేళ్లుగా పోగైన 50 శాతం నో క్లెయిమ్ బోనస్, ఈ క్లెయిమ్‌తో పోయింది, తర్వాతి బండికి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. నమోదు, సర్వే, ఫిర్యాదుల విభాగాలకు నేను సంకోచం లేకుండా మంచి మార్కులు వేస్తాను. శిథిలం వ్యవహారం చూసే విభాగానికి, రెన్యూవల్ సమయంలో ఐడీవీ గురించి ఒక్క మాట చెప్పని పద్ధతికి వేయలేను. మొత్తం మీద అయిదుకు మూడు.

డిసెంబరు మొదటి వారంలో రవాణా శాఖ వెబ్‌సైటులో మా బండి నంబరు కొట్టి చూస్తే స్టేటస్ ఎదురుగా ఇంకా యాక్టివ్ అనే ఉంది. రసీదు, కంపెనీ లేఖ పట్టుకుని ఆఫీసుకు మరోసారి వెళ్లాను. పదహారు రోజుల తర్వాత అది క్యాన్సిల్డ్ అని మారింది. ఆ పేజీని ప్రింటు తీసి, క్లెయిమ్ కాగితాలతో కలిపి, ఈసారి మేడ మీది అలమరలో పెట్టాను.